మైసూరులో తెలుగు వెలుగు : శ్రీ రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు

మన పాఠశాలలో బిడ్డలను చేర్పింప వచ్చు తల్లిదండ్రులలో పలువురు మమ్ము అడుగు ప్రశ్న యొకటి కలదు. “ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం, సరే అయ్యవారూ. కన్నడ రాజ్యంలో ఉండి తెలుగు చదివితే పిల్లవానికి వచ్చేదేమి?” ఈ ప్రశ్న అడుగువారిని మేము తప్పుపట్టము. బాగేపల్లి సంతలో తెలుగు చాలును. చింతామణి అంగడిలోను తెలుగుతో పని జరుగును. బెంగళూరు చేరిన పిదప కన్నడము కావలెను. ఉద్యోగమునకు పోయిన పిదప ఆంగ్లము కావలెను. బిడ్డ బ్రతుకును గూర్చి తల్లిదండ్రులు ముందుగా భయపడుట సహజము. ఏటేట తెలుగు చదువ వచ్చు పిల్లలు తగ్గుచుండుట చూచుచున్న మాకును ఆ భయము లేకపోలేదు.

ఆ ప్రశ్నకు వాదముతో సమాధానము చెప్పుట కంటె ఒక మనిషి జీవితమును చూపుట మేలని మాకు తోచినది. కన్నడ దేశపు నడిబొడ్డున, మైసూరులో, ముప్పదియేడేండ్లు తెలుగు బోధించి, అక్కడనే కూర్చుండి తెలుగువారందరు చదువదగిన వ్యాసములు వ్రాసిన మహనీయుడు శ్రీ రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. ఆయన కవి, వ్యాసకర్త, గాయకుడు, వాగ్గేయకారుడు. మన విద్యార్థులలో ఆయన పేరు విన్నవారు తక్కువ. అన్నమాచార్యుల పాటలు విననివారు మాత్రము ఉండరు. ఆ పాటలు మన చెవికి చేరుటలో ఈయన కృషి ఎంత కలదో ముందు చెప్పెదము.

శర్మగారు 1893వ సంవత్సరము జనవరి 23వ తేదీన అనంతపురము జిల్లాలో, కళ్యాణదుర్గము ప్రాంతమందలి రాళ్ళపల్లి గ్రామమున జన్మించిరి. ఊరి పేరు విని నవ్వవలదు. అటువంటి పేర్లు గల పల్లెలు మన తాలూకాలలోను కొల్లలు. రాళ్ళ నేల, వాన కొరకు ఎదురు చూచు నేల, వేరుసెనగయు రాగియు పండు నేల. అక్కడి పల్లెకు మన పల్లెకు పోలిక ఎక్కువ, భేదము తక్కువ. తండ్రి కృష్ణమాచార్యులుగారు సంస్కృతాంధ్రములు తెలిసిన పండితులు. తల్లి అలమేలుమంగమ్మగారు పెక్కు పాటలు నేర్చిన ఇల్లాలు. తండ్రి వలన పద్యము, తల్లి వలన పాట అబ్బినవి. ఈ రెండును ఆయనలో కడవరకు విడివడలేదు.

బాల్యముననే ఆయన మైసూరు చేరి, పరకాల మఠము నాశ్రయించి, అక్కడ సంస్కృత కావ్యములు, నాటకములు, అలంకార శాస్త్రము అభ్యసించిరి. ఆ కాలమున మైసూరు మహారాజా కళాశాలలో శ్రీ కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆచార్యులుగా ఉండిరి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో చదివి వచ్చిన రెడ్డిగారికి, మఠములో చదువుకొనిన ఈ యువకునికి మైత్రి కుదురుట ఆశ్చర్యకరము. రెడ్డిగారు ఆయన ప్రతిభను గుర్తించి 1912లో కళాశాలలో తెలుగు పండితునిగా నియమింపజేసిరి. అప్పటికి శర్మగారి వయస్సు పందొమ్మిదేండ్లు. నేటి లెక్కలో ఆ వయస్సు వారు ఇంకను పట్టపరీక్షకు చదువుచుందురు! అప్పటినుండి 1949లో విరమించు వరకు ఆయన ఆ కళాశాలను విడువలేదు.

మైసూరులో తెలుగునకు చోటెట్లు దొరికినదని విద్యార్థులు అడుగవచ్చును. ఆనాటి మైసూరు సంస్థానములో కోలారు జిల్లా తెలుగు మాటాడువారు మిక్కిలిగా గల జిల్లా. ఇప్పటి చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు అప్పుడా జిల్లాలోనివే; మన జిల్లా 2007లో గదా వేరైనది. అంతకంటె ముఖ్యమైనది సంగీతము. మైసూరు ఆస్థానములో పాడినవారి మాతృభాష ఏదైనను, వారు పాడిన కృతులలో అధిక భాగము తెలుగు. మైసూరు వాసుదేవాచార్యులవారు (1865–1961) కన్నడ దేశమున పుట్టి పెరిగినవారు. కృతులు మాత్రము తెలుగులోను సంస్కృతములోను రచించిరి. ఇక మన కైవారము తాతయ్య సంగతి చెప్పనక్కరలేదు; ఆ యోగి తెలుగున పాడెను, కన్నడమున పాడెను, వినువారు రెంటిని తమవిగానే తలచిరి. కాబట్టి మైసూరు తెలుగునకు పరాయి నేల కాదు. అయినను ఒక మాట దాచరాదు. కళాశాలలో తెలుగు పండితుని కొలువు నిలుచుటకు ఏటేట తెలుగు కోరి చేరు విద్యార్థులు ఉండవలెను. కోరువారు లేని చోట ఎంతటి పండితుడైనను ఏమి చేయగలడు?

శర్మగారు యౌవనమున ‘తారాదేవి’, ‘మీరాబాయి’ మొదలగు కావ్యములు వ్రాసిరి. ఆయన స్వతంత్ర కావ్యములు తక్కువ. కవిగా ఆయన శక్తి సంపూర్ణముగా కనుపించునది ప్రాకృత గాథల తెలుగు సేతలో నని మా అభిప్రాయము. శాతవాహన రాజగు హాలుడు కూర్చిన ‘గాథాసప్తశతి’లోని గాథలు రెండేసి పాదముల చిన్న పద్యములు. రాజులు, యుద్ధములు వానిలో అరుదు. దున్నువాడు, వాని భార్య, అత్తాకోడండ్రు, ఊరికి పోయిన మగని కొరకు ఎదురు చూచు ఇల్లాలు, తొలకరి మబ్బు, ఇవి యందలి విషయములు. తెలుగు మాటలను పోలిన మాటలు ఆ ప్రాకృతమున దొరలినవని పండితులు చెప్పుదురు. శ్రీనాథుడు నూత్న యౌవనమున ఈ గ్రంథమును తెనిగించినట్లు తానే చెప్పుకొనెను. ఆ తెనుగు మనకు దక్కలేదు. శర్మగారు వానిలో కొన్నిటిని ఏరి తెలుగు పద్యములుగా మార్చి ‘శాలివాహన గాథాసప్తశతీ సారము’ అను పేర వెలయించిరి. ఇది సులభమైన పని కాదు. గాథలో సగము చెప్పబడును, సగము చెప్పక విడువబడును. అనువదించువాడు ఆ చెప్పని సగమును కూడ చెప్పివేసినచో గాథ చచ్చును. పద్యము నిండుటకు విశేషణములు దట్టించు అలవాటు మన కవులకు కలదు. శర్మగారు ఆ అలవాటును దూరముగా నుంచిరి.

ఇక ఆయన వచనము. వ్యాసమను ప్రక్రియకు పాశ్చాత్య దేశములలో పేరు పెట్టినవాడు ఫ్రాన్సు దేశీయుడగు మాంటేన్. 1580లో తన రచనలను అచ్చువేయుచు వానికి ఆయన పెట్టిన పేరునకు ‘ప్రయత్నము’, ‘పరీక్ష’ అని యర్థము. తీర్పు చెప్పుట కాక, ఒక విషయమును చేత పట్టుకొని అటునిటు త్రిప్పి చూచుట ఆ రచనలకు లక్షణము. మన తెలుగులో ఆ పనికి చాలకాలము ‘ఉపన్యాసము’ అను మాట వాడిరి. సభలో చెప్పినది ఉపన్యాసమే, అచ్చులో వచ్చినది ఉపన్యాసమే. శర్మగారి ‘నాటకోపన్యాసములు’ అను గ్రంథము పేరే ఇందుకు నిదర్శనము. ఆయన వ్రాసిన దానిని చదువునపుడు ఎదుట నిలిచి ఒకరు మాటాడుచున్నట్లే ఉండును. వాక్యము పొడుగైనను ఊపిరి తిరుగును. పాడనేర్చినవాడు గనుక ఎచ్చట ఆగవలెనో ఆయనకు తెలియును.

‘సారస్వతాలోకము’ అను సంపుటములో ‘నిగమశర్మ అక్క’ అను వ్యాసము కలదు. పెద్ద తరగతుల విద్యార్థులు ఏదైన ఒక్కటి మాత్రమే చదువదలచినచో దీనిని చదువవలెను. అందుచేత దీనిని గూర్చి కొంత విపులముగా చెప్పెదము.

తెనాలి రామకృష్ణకవి ‘పాండురంగ మాహాత్మ్యము’లో నిగమశర్మ కథ యున్నది. మంచి కుటుంబమున పుట్టి, చదువు చదివి, చెడు తిరుగుళ్ళకు లోబడి, తండ్రి కూడబెట్టినదంతయు తగులబెట్టిన యువకుడు నిగమశర్మ. తల్లిదండ్రులు చెప్పి చెప్పి విసిగిరి. అప్పుడు అత్తవారింటినుండి అక్క వచ్చును. భర్తతో, పిల్లలతో వచ్చును. తమ్ముని కోపపడదు. తలంటి నీళ్ళుపోసి, అన్నము పెట్టి, దగ్గర కూర్చుండబెట్టుకొని, ఇల్లెట్లున్నదో, తల్లిదండ్రుల ముసలితనమెట్లున్నదో, కట్టుకొన్న భార్య మొగమెట్లున్నదో మెల్లగా చెప్పును. తమ్ముడు మారినట్లే నటించును. ఇంటిల్లపాది సంతోషించును. ఒకనాటి రాత్రి ఇంటిలోని నగలన్నియు మూటగట్టుకొని పోవును. అక్క నగలును ఆ మూటలోనివే. తెల్లవారిన పిదప ఇల్లంతయు గొల్లుమనును. ఎవరికి పోయినది వారు తలచుకొని ఏడ్తురు. అక్క ఏడుపు క్రొత్తగా చేయించుకొనిన తన ముక్కర కొరకు.

ఈ ముక్కర యొద్దనే కవి గొప్పతనమున్నది. తమ్ముడు చెడిపోయినాడని ఏడ్చిన అక్క నీతి పుస్తకములోని అక్క. ముక్కర పోయినదని ఏడ్చిన అక్క మన ఇంటి అక్క. ఆమెకు తమ్ముని మీద ప్రేమ లేక కాదు. ఆ ప్రేమతోనే కదా పిల్లలను చంకనబెట్టుకొని అంతదూరము వచ్చినది! ప్రేమయు ఉన్నది, ముక్కర మీద ఆశయు ఉన్నది. రెండును ఒక్క మనిషిలోనే యుండుట లోకమున మనము నిత్యము చూచునదే. ముక్కర అనగా నేమో నేటి పిల్లలకు తెలియకున్నచో అవ్వను అడుగుడు. మన పల్లెలలో ముదుసలి స్త్రీలకు ఇంకను తెలియును.

మరియొక విశేషము. కావ్యములో ఈమెకు పేరు లేదు. ‘నిగమశర్మ అక్క’ అనియే ఆమె గుర్తు. కథకు నాయకుడు తమ్ముడు; ఆమె వచ్చి పోవునది కొలది పద్యములలో. అట్టి పాత్రను శర్మగారు ఏరి తీసి, ఆమె పేరనే వ్యాసము వ్రాసి, తెలుగు పాఠకుల ఎదుట నిలిపిరి. ఆ వ్యాసము తరువాత నిగమశర్మ కథ చెప్పువారు అక్కను మరచి చెప్పలేకపోయిరి. ప్రబంధములనగా వర్ణనలు, శ్లేషలు, శృంగారము అని తలచి దూరముగా నుండువారికి, వానిలో మన ఇండ్లలోని మనుషులున్నారని చూపిన వ్యాసమిది. ‘తిక్కన తీర్చిన సీతమ్మ’, ‘రాయలనాటి రసికత’ అను వ్యాసములును ఈ సంపుటములోనివే. మొదటిది తిక్కన నిర్వచనోత్తర రామాయణములోని సీతను గూర్చినది. రెండవది కొంత ప్రౌఢము; రాయల కాలపు కావ్యములతో కొంత పరిచయమైన పిదప చదువుట మంచిది.

రామలింగారెడ్డిగారి ‘కవిత్వతత్త్వ విచారము’ 1914లో వెలువడి పండితులలో గొప్ప కలకలము రేపినది. రెడ్డిగారిది ఖండించు స్వభావము. శర్మగారు ఆయనకు ఆప్తులైనను ఆ మార్గమును అనుకరింపలేదు. నచ్చిన చోటు చూపి, ఎందుకు నచ్చినదో చెప్పుట శర్మగారి పద్ధతి. నచ్చని చోటును మర్యాదగా చెప్పుదురు. బోధించువారికి ఈ పద్ధతియే ఎక్కువ ఉపయోగకరమని మా ముప్పదేండ్ల అనుభవము. తరగతిలో ఒక పద్యమును నిందించుట సులభము. పిల్లవానికి దానిని ఇష్టమగునట్లు చేయుటలో ఉన్నది కష్టము.

1928లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షమున శర్మగారు వేమనను గూర్చి ఉపన్యాసములిచ్చిరి. అప్పుడు ఆ పరిషత్తునకు ఉపాధ్యక్షులు రామలింగారెడ్డిగారే. ఆ ఉపన్యాసములు ‘వేమన’ అను గ్రంథమైనవి. అంతకు నూరేండ్లకు ముందు, 1829లో, బ్రౌను దొర వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. అయినను మన పండితులు చాలకాలము వేమనను కవుల పంక్తిలో కూర్చుండబెట్టలేదు. వేమన ఆచారములను ఎగతాళి చేసినవాడు, విగ్రహములను ప్రశ్నించినవాడు, కులమును తిట్టినవాడు. ఆచారపరుల ఇంట పుట్టి, మఠములో చదివిన శ్రీవైష్ణవ పండితుడు అట్టి వేమనను తీసికొని, యోగి అని మ్రొక్కి విడువక, కవిగా పరీక్షించి గౌరవించెను. వేమనను గూర్చి చెప్పుకొను కట్టుకథలను వేరుచేసి, పద్యములనే సాక్ష్యముగా పట్టుకొనెను. తన నమ్మకమునకు ఎదురు నిలిచినవానిని న్యాయముగా చదువుట ఎట్లో తెలియగోరువారు ఈ గ్రంథము చూడవలెను.

మనకు ఈ గ్రంథము మరింత దగ్గరిది. వేమన సమాధి యున్నదని చెప్పు కటారుపల్లె కదిరి సమీపమున, మన సరిహద్దునకు అవతలనే యున్నది. కన్నడిగులును వేమనను తమవానిగా భావింతురు. ఆయన పద్యములు కన్నడములో ప్రచారమున ఉన్నవి. కర్ణాటక ప్రభుత్వము జనవరి 19వ తేదీన వేమన జయంతి జరుపుచున్నది. ఆనాడు కార్యాలయములలో పటమునకు పూలమాల వేయుదురు. ఆ పద్యములను మూలములో చదువగలవారు మన పిల్లలు. ఆ భాగ్యమును వారు గుర్తెరుగుట లేదు.

సంగీతము విషయము. మైసూరులో శర్మగారు బిడారం కృష్ణప్పగారి వంటి విద్వాంసుల సన్నిధిని సంగీతము అభ్యసించిరి. పాడుటయేగాక కృతులు రచించిరి. 1974లో మద్రాసు సంగీత విద్వత్సభవారు ఆయనను ‘సంగీత కళానిధి’ బిరుదముతో సత్కరించిరి. కాకతీయ గణపతిదేవుని సేనాని జాయప 13వ శతాబ్దిలో సంస్కృతమున రచించిన ‘నృత్తరత్నావళి’ని ఆయన తెనిగించిరి. నాట్యశాస్త్రము, సంగీతము, రెండు భాషలు తెలిసినవాడు తప్ప ఆ పనికి పూనుకొనలేడు.

కాని సామాన్య ప్రజలకు ఆయన చేసిన గొప్ప మేలు తిరుపతిలో జరిగినది. మైసూరు కొలువు విరమించిన పిదప విశ్రాంతి తీసికొనక, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థకు వెళ్ళిరి. తాళ్ళపాక అన్నమాచార్యులవారి సంకీర్తనలు తిరుమల ఆలయమున రాగిరేకుల మీద చెక్కబడి, శతాబ్దముల తరబడి ఒక అరలో మౌనముగా ఉండెను. రేకులు రెండువేలకు పైబడినవి. పాటలు పండ్రెండువేలకు పైబడినవి. అంతకుముందు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఈ పనిలో శ్రమించి 1950లో దివంగతులైరి. ఆ భారమును శర్మగారు వహించిరి.

ఆ పని ఎంత కష్టమో విద్యార్థులు గ్రహింపవలెను. రేకు మీద అక్షరములు ఎడము లేకుండ వరుసగా చెక్కబడి యుండును. ఒక మాట ఎచ్చట ముగిసినదో, మరియొక మాట ఎచ్చట ఆరంభమైనదో చదువువాడే నిర్ణయింపవలెను. ఒక్క అక్షరమును ముందు మాటకు చేర్చినచో ఒక అర్థము, వెనుక మాటకు చేర్చినచో వేరొక అర్థము. భాష చూడబోయిన అయిదువందల యేండ్ల నాటి రాయలసీమ పలుకుబడి. నిఘంటువులలో దొరకని మాటలు అనేకము. రాళ్ళపల్లిలో పుట్టినవానికి అట్టి మాటలు తల్లి నోట, ఊరి రైతు నోట విన్నవి కావచ్చునని మేమూహింతుము. ఇంటి మాట ఎంతటి పాండిత్యమునకును తోడు వచ్చును. ఇక పాట పైన రాగము పేరు మాత్రము చెక్కియుండును, స్వరము లేదు. కొన్ని రాగములు నేడు వాడుకలోనే లేవు. పాడువారి పరంపర తెగినందున వరుస ఏదో చెప్పువారు లేరు. శర్మగారు గ్రంథములను పరిష్కరించుటతో ఆగక, పెక్కు పాటలకు తగిన రాగమున స్వరము కూర్చి ప్రకటించిరి. పండితుడు మాత్రమే ఐనచో అచ్చు పుస్తకము వచ్చి అర మారియుండును, అంతే. గాయకుడు మాత్రమే ఐనచో తప్పు పాఠమునకు మంచి వరుస కుదిరియుండును. ఈ రెండును కూడిన మనిషి అప్పుడు అక్కడ ఉండుట మన పుణ్యము.

కన్నడ దేశమున నుండి ఆయన కన్నడమునకు దూరముగా ఉండలేదు. కన్నడమున ‘గానకళె’, ‘సాహిత్య మత్తు జీవన కళె’ అను గ్రంథములు వ్రాసిరి. తెలుగు మరువకుండ కన్నడము నేర్చుట కుదురునా అని అడుగువారికి ఈ రెండు గ్రంథముల పేర్లు చెప్పుచుందుము. మన పిల్లలు సరిగా ఈ స్థితిలోనే యున్నారు. ఇంట తెలుగు, వీధిలో రెండును. పరీక్షకు మాత్రము ఒకటి శత్రువు, ఒకటి మిత్రము అన్నట్లు చూచుచున్నారు. రెండు లిపులు అన్నదమ్ములవలె ఉండును; ఒకటి వచ్చినవానికి రెండవది నెల దినములలో వచ్చును. తెలుగు చదివిన వారందరికి శర్మగారికి దొరికినట్లు పందొమ్మిదవ యేట కొలువు దొరకునని మేము చెప్పము, చెప్పినచో అబద్ధము. ఆయనకు కొలువు ఇప్పించినది రెడ్డిగారి ఆదరము. ఆ కొలువులో ఉండి చేసిన పని మాత్రము ఇంటిలో నేర్చిన మాటతో, పాటతో చేసినది. ఆ రెండును మన పిల్లల ఇండ్లలో నేటికిని ఉన్నవి.

శర్మగారు 1979వ సంవత్సరము మార్చి 11వ తేదీన, ఎనుబదియారేండ్ల వయస్సున పరమపదించిరి.

‘సారస్వతాలోకము’ ప్రతి యొకటి, ‘వేమన’ ప్రతి యొకటి మన పాఠశాల గ్రంథాలయమున ఉన్నవి. తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులు శనివారము మధ్యాహ్నము అడిగి తీసికొనవచ్చును. అట్టలు పాతవి, జాగ్రత్తగా వాడి, పదునైదు దినములలో తిరిగి ఈయవలెను. కన్నడ గ్రంథములు రెంటిని బెంగళూరునుండి తెప్పించు ప్రయత్నములో ఉన్నాము.